హారన్ మామ దగ్గు తగ్గిన సంగతి

పరుపుల కొట్టు మామ వీధి మలుపు తిరగడానికి ముందే ఆయన దగ్గు తిరిగేది. అది వినగానే మలుపులోని టీ కొట్టతను గిన్నె పొయ్యి మీద పెట్టేవాడు. మామ అక్కడి దాకా నడిచొచ్చేసరికి టీ మరిగి, వడకట్టి, గ్లాసులోకి వచ్చేది. అంత నింపాదిగా ఉండేది ఆయన నడక. క్షౌరశాల బెంచీ మీద కూర్చుని, మామ కుట్టిన పరుపు మధ్యలో గుంట పడిందని చెప్పుకుంటున్నవాళ్ళు ఆ దగ్గు వినపడగానే వానల గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఇంట్లో ఆయన భార్య కంచం పెట్టేది. పిల్లల్ని జోకొడుతున్న తల్లులు మాత్రం పళ్ళు నూరుకునేవాళ్ళు. ఎవరు మొదలుపెట్టారో తెలియదుగానీ, ఆయనకి హారన్ మామ అన్న పేరు ఖాయమైపోయింది. ఆ పేరు ఆయన చెవినా పడింది. ఆయనేమీ నొచ్చుకోలేదు.

"బండన్నాక హారన్ ఉండాలి కదా," అన్నాడు.

ఆయన మామ కాబట్టి ఆయన భార్య వీధికంతా అత్త అయింది. ఆవిడకి వేరే పేరు పెట్టాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. ఆవిడ దగ్గర శబ్దమేమీ ఉండేది కాదు.

కొట్టు ముందు గదిలో, కాపురం వెనక రెండు గదుల్లో. ముందు గదిలో సగం ఏకుడు మిషనే ఆక్రమించేది. చెక్క మూత కింద ఇనప ముళ్ళున్న డోలు ఒకటి గిర్రున తిరుగుతుంది. ఇటువైపు నుంచి గడ్డకట్టిన పాత దూది పెడితే అటువైపు నుంచి మబ్బులాగా బయటికొస్తుంది. కొత్త పరుపు కొనేవాళ్ళకన్నా పాత పరుపు విప్పించి, ఏకించి, మళ్ళీ కుట్టించుకునేవాళ్ళే ఎక్కువ. పాత పరుపు కోస్తే అందులోంచి ముందు దూది రాదు, దుమ్మొస్తుంది. పడుకున్నవాళ్ళ చెమట, తలనూనె, పిల్లలు కక్కిన పాలు, ఏళ్ళ తరబడి ఎండి పొడైపోయినవన్నీ లేస్తాయి. పిన్నీసులు, బొత్తాలు సరేసరి. ఒకసారి కట్టుడుపళ్ళ సెట్టు దొరికింది. మామ దాన్ని కడిగి, గుడ్డలో చుట్టి, సొంతదారుడికి పంపించాడు. ఆయన అప్పటికే కొత్తవి కట్టించుకున్నాడు. అయినా పుచ్చుకున్నాడు.

కిటికీ ఒకటే ఉండేది. దాన్ని తెరిచేవాళ్ళు కాదు. గాలి తగిలితే దూది ఎగురుతుంది, ఎగిరితే తూకం తగ్గుతుంది. మామ మిషన్లో దూది పెట్టేవాడు. అత్త అటువైపు చతికిలబడి, వచ్చిన దూదిని రెండు చేతులా పోగుచేసి, ఉండలు విదిలించి గలేబులోకి కూరేది. ఆ తర్వాత ఇద్దరూ చెరోవైపు కూర్చుని దబ్బనాలతో కుట్టేవాళ్ళు. పెళ్ళైన కొత్తలో సాయంత్రం అయ్యేసరికి ఇద్దరి కనుబొమ్మలూ తెల్లగా అయిపోయి, ముసలి మొగుడూపెళ్ళాల్లా కనిపించేవాళ్ళు. ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళు. స్నానం చేస్తే వయసు మళ్ళీ వెనక్కొచ్చేది. కొన్నేళ్ళకి స్నానం చేసినా తెలుపు పోవడం మానేసింది.

దగ్గు ఎప్పుడు మొదలైందో మామకి గుర్తులేదు. మొదట్లో నీళ్ళు పడలేదన్నాడు. తర్వాత చలి అన్నాడు. ఎండాకాలంలోనూ ఆగకపోతే వేడి చేసిందన్నాడు. వానాకాలంలో కారణం వెతుక్కోవలసిన పని లేదు. బరువెత్తితే ఆయాసం వచ్చేది. అది వయసన్నాడు. అప్పటికి ఆయనకంత వయసు లేదు.

మధ్యమధ్య కూతురి పోరు పడలేక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళేవాడు. ఒక్కగానొక్క కూతురు. రెండు వీధుల అవతల కాపురం. అల్లుడు లారీ తోలుతాడు. ఇంటికి చుట్టంలా వచ్చిపోతుంటాడు. కూతురు ఇంట్లోనే మిషను మీద గలేబులు కుట్టి పుట్టింటి కొట్టుకే ఇస్తుంది. ఆరోగ్య కేంద్రంలో మామకి చిన్న డబ్బా ఇచ్చి, పొద్దున్నే కళ్ళె పట్టుకురమ్మనేవాళ్ళు. పట్టుకెళ్ళేవాడు. టీబీ లేదని చెప్పి, ఎర్రటి దగ్గు మందు సీసా చేతిలో పెట్టి పంపేసేవాళ్ళు. టీబీ కాకపోతే మరేమిటని వాళ్ళూ చెప్పలేదు, ఈయనా అడగలేదు. తిరిగొచ్చేటప్పుడు టీ కొట్టు దగ్గర ఆగి, నలుగురికీ వినపడేలా, "ఏ జబ్బూ లేదన్నారు," అని ప్రకటించి, ఆ ఆనందంలో కాసేపు దగ్గేవాడు. ఇలా చాలాసార్లు జరిగింది. ప్రతిసారీ ఏ జబ్బూ లేదు.

ఒకరోజు మేడ మీది ఇంటికి పరుపు చేర్చాల్సి వచ్చింది. మామ చుట్టిన పరుపు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కాడు. మొదటి మలుపు దాకా బాగానే ఉంది. రెండో మలుపులో ఊపిరి లోపలికి పోయింది గానీ బయటికి రానంది. పరుపు కింద పడేసి, దాని మీద కూర్చుని, కూర్చోలేక ఒరిగిపోయాడు. పరుపు ఇంకా రాలేదేమని ఇంటివాళ్ళు తలుపు తీసి చూస్తే, మామ వాళ్ళ కొత్త పరుపు మీద పడుకుని ఉన్నాడు.

"మెత్తగా ఉందో లేదో చూస్తున్నావా మామా?" అంది ఆ ఇంటావిడ.

మామ పెదాలు నీలంగా ఉండటం చూశాక గానీ ఆవిడకి సంగతి అర్థం కాలేదు. ఇద్దరు మనుషులు ఆయన్ని పరుపుతో సహా కిందికి దించారు. కుట్టు గట్టిగానే ఉంది, ఎక్కడా చిరగలేదు.

ఈసారి కూతురు ఆరోగ్య కేంద్రం మాట ఎత్తలేదు. ఆటో ఎక్కించి పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తుల విభాగానికి తీసుకెళ్ళింది. అక్కడ ఒకమ్మాయి మామ ముక్కుకి క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం పెట్టి, ఊదమంది. ఊదుతుంటే పక్కన నిలబడి, "ఊదండి ఊదండి ఊదండి, ఇంకా ఇంకా ఇంకా," అని గొంతు చించుకుని అరిచింది.

గొట్టం తీశాక మామ చాలాసేపు దగ్గి, "ఎందుకమ్మా అరుస్తావు? నాకు చెవుడేం లేదే," అన్నాడు.

డాక్టరమ్మ వయసులో కూతురి కన్నా చిన్నది. కాగితం చూస్తూ అడిగింది.

"సిగరెట్లు తాగుతారా పెద్దాయనా?"

"లేదండి."

"బీడీలు?"

"లేదండి."

"ఎప్పుడూ తాగలేదా?"

"ఒకే ఒక్కటి తాగానండి, నా పెళ్ళిలో. బావమరిది బలవంతం చేశాడు. నచ్చలేదు."

"మరేం పని చేస్తారు?"

"పరుపులు కుడతానండి. దూది ఏకుతాం."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. దుమ్ము ఏళ్ళ తరబడి లోపలికి పోయి ఊపిరి గొట్టాలు వాచి, సన్నబడిపోయాయని చెప్పింది. పోయింది తిరిగి రాదంది. ఉన్నదాన్ని కాపాడుకోవాలంది.

"ఎంత ఉందండి?"

"మీ వయసుకి ఉండాల్సిన దాంట్లో సగానికి కొంచెం తక్కువ."

మామ, "అంటే ఇన్నాళ్ళూ సగంతోనే లాక్కొచ్చానన్నమాట," అని కూతురి వైపు చూశాడు. ఆ చూపులో కాస్త గర్వం కూడా ఉంది. కూతురు తల తిప్పేసుకుంది.

డాక్టరమ్మ రోజూ పీల్చే మందు పంపు రాసిచ్చింది. పంపు అనగానే మామ కుర్చీ వెనక్కి జరిపాడు. పంపు పట్టినవాళ్ళు ఇక ఎక్కువ రోజులుండరని ఆయన విన్నాడు. ఆ చెప్పినవాడు క్షౌరశాలలో అద్దం తుడిచేవాడు. అయినా డాక్టరమ్మ మాట కన్నా అదే బలంగా నాటుకుంది. వద్దంటే వద్దన్నాడు. ఇంటికొచ్చాక అత్త ఆ పంపు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, మూత తీసి ఆయన చేతిలో పెట్టింది.

"పీల్చు."

"రేపు చూద్దాంలే."

"ఇవాళ పీల్చి, బతికుంటే రేపు చూద్దాం. ముందు గాలంతా బయటికి వదులు. ఇదిగో, ఇలా. ఇప్పుడు నొక్కి లోపలికి పీల్చి, ఆపు."

చేసి చూపించబోయి ఆవిడ ఆపలేకపోయింది. "నాకెందుకు, నువ్వు ఆపు," అంది. మామ ఆపాడు. ఆ తర్వాత నుంచి పొద్దున, సాయంత్రం పంపు అత్తే తెచ్చిచ్చేది, నోరు పుక్కిలించేదాకా పక్కనే నిలబడేది.

డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. దూది జోలికి పోవద్దు, అసలు ఆ గదిలోకే అడుగుపెట్టొద్దు అంది. ఇంట్లో అందరూ దీన్ని అక్షరాలా పాటించారు. మామ బయట అరుగు మీద కూర్చుని బేరాలు చూసుకునేవాడు, తోపుడు బండి మనిషిని పిలిచి పరుపులు పంపించేవాడు, ఊళ్ళో తిరిగి ఆర్డర్లు పట్టుకొచ్చేవాడు. మిషను అత్త నడిపేది. దూది పెట్టడం, పోగుచెయ్యడం, కూరడం అన్నీ ఆవిడే. కిటికీ ఎప్పటిలాగే మూసి ఉండేది. ఇందులో ఏదో తేడా ఉందని మామకి తోచలేదు, కూతురికి తోచలేదు, అత్తకీ తోచలేదు. డాక్టరు చెప్పింది మామకి కదా.

ఈ ఏర్పాటు మామకి పడింది. పంపూ పనిచేసింది, దుమ్ముకి దూరంగా ఉండటమూ పనిచేసింది. వానాకాలం వెళ్ళేసరికి దగ్గు బాగా తగ్గిపోయింది. పొద్దున లేవగానే కాసేపు, అంతే. దాంతో ఇబ్బందులు మొదలయ్యాయి.

మొదటి ఇబ్బంది టీ. మామ కొట్టు ముందుకొచ్చి నిలబడితే, టీ కొట్టతను ఉలిక్కిపడి గిన్నె కోసం వెతుక్కునేవాడు.

"వచ్చేముందు ఓ దగ్గు దగ్గొచ్చు కదా మామా," అని విసుక్కున్నాడు.

"రావట్లేదురా. నన్నేం చెయ్యమంటావు?"

రెండో ఇబ్బంది మాటలు. మామ చెవుల్లో జనం తన గురించి అనుకునేవి నేరుగా పడటం మొదలైంది. క్షౌరశాల ముందు నుంచి వెళ్తుంటే, పరుపు గుంట సంగతి మొదటి నుంచి చివరి దాకా విన్నాడు. ఇంకోరోజు దాని వెనకనుంచి వస్తుంటే, అద్దం తుడిచేవాడు లోపల ఎవరితోనో అంటున్నాడు.

"హారన్ మామ పోయినట్టున్నాడు. కొన్నాళ్ళుగా వినపడట్లేదు."

"అయ్యో, మంచి మనిషి. ఎప్పుడంట?"

"ఎప్పుడంట?" అని మామ కూడా అడిగాడు.

ఆ రోజు అద్దం తుడిచేవాడు మామకి టీ తెప్పించి డబ్బులు కూడా తనే ఇచ్చాడు గానీ, తలెత్తి మొహం చూడలేదు. మామ మాత్రం ఆ కథ వీధంతా చెప్పుకుని తిరిగాడు. తన చావు గురించి అంత మంచిగా మాట్లాడుకున్నారని అత్తకి కూడా చెప్పాడు. ఆవిడ నవ్వి, ఎందుకో వెంటనే వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చలి మొదలైన రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆర్డరు కోసం వెళ్ళిన మామ, ఆ ఇంటికి తాళం వేసి ఉండటంతో అనుకున్నదానికన్నా ముందే తిరిగొచ్చాడు. కొట్టు తలుపు దగ్గరగా వేసి ఉంది. మిషను ఆగి ఉంది. లోపల ఎవరో దగ్గుతున్నారు.

మామ అరుగు మీద ఆగిపోయాడు. ఆ దగ్గు ఆయనకి బాగా తెలుసు. లోతుగా మొదలై, గొంతు దగ్గర చిక్కుకుని, ఊపిరందక ఒక ఈల వేసి, మళ్ళీ మొదలయ్యే దగ్గు. అది ఆయనదే. తను బయట నిలబడి ఉంటే తన దగ్గు లోపలికి ఎలా వెళ్ళిందా అని ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాడు. తర్వాత తలుపు తోశాడు.

అత్త దూది బస్తా మీద ముంజేతులాన్చి, తల వాల్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. వీపు ఎగిరెగిరి పడుతోంది. తలెత్తి మామని చూసి, దగ్గు మింగబోయింది. మింగుడు పడలేదు. అయ్యేదాకా ఆయన అలాగే నిలబడ్డాడు. అయ్యాక ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"వచ్చినట్టు వినపడలేదే," అంది.

"ఎప్పట్నుంచి?"

"ఏది?"

"దగ్గు."

"ఎవరిది, నీదా నాదా?"

మామకి కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేకపోయాడు. "నీకు దగ్గెక్కడిది? నేనెప్పుడూ వినలేదే," అన్నాడు.

"ఎలా వింటావు? నువ్వు దగ్గేటప్పుడే నేనూ దగ్గేసేదాన్ని. నీ దాంట్లో నాది కలిసిపోయేది." అంటూనే పక్కనున్న దూదిని అలవాటు కొద్దీ పోగుచేస్తోంది. "నీది తగ్గాక నాకు తోవ లేకుండా పోయింది. మిషను చప్పుడులో దగ్గుదామంటే, దగ్గు వచ్చినప్పుడు చెయ్యి ఆడదు. అందుకని ఆపేసి, నువ్వు లేనప్పుడు..."

"చెప్పొచ్చు కదా!"

"చెప్తే? కొట్లో ఒకళ్ళు దగ్గితే జనం జాలిపడతారు. ఇద్దరూ దగ్గితే ఇక్కడి పరుపు మీద ఎవరు పడుకుంటారు? అయినా ఇంట్లో ఒకళ్ళన్నా బాగుండాలి కదయ్యా."

అంటే ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో బాగున్న మనిషిగా ఉండే పని ఆవిడ చేస్తూ వచ్చింది. మామ గుమ్మం మీదే కూర్చున్నాడు. ఏదైనా మంచి మాట అనాలనుకున్నాడు. నోటికొచ్చింది ఇది.

"మరి నా పంపన్నా పీల్చి ఉండొచ్చుగా."

"అది నీది," అంది అత్త.

మామ లేచి వెళ్ళి, ముందుగా కిటికీ తెరవబోయాడు. ఏళ్ళ తరబడి మూసి ఉన్న కిటికీ, బిగుసుకుపోయింది. సుత్తి తెచ్చి కొడితే ఒక రెక్క ఊడి వీధిలో పడింది. దూది ఎగిరింది. అత్త "తూకం, తూకం" అంటుంటే వినిపించుకోకుండా మిషను పట్టా ఊడదీసి, చుట్టి, అటక మీదికి విసిరేశాడు. అంత పని చేసేసరికి ఆయనకీ ఆయాసం వచ్చింది. ఇద్దరూ గుమ్మం దగ్గర కూర్చుని కాసేపు ఊపిరి తీసుకున్నారు. మాట్లాడటానికి ఇద్దరి దగ్గరా గాలి లేదు.

పెద్దాసుపత్రిలో అదే అమ్మాయి అత్త నోట్లో గొట్టం పెట్టి అలాగే అరిచింది. మామ పక్కన నిలబడి తనూ అరిచాడు. ఆ అమ్మాయి ఆయన్ని బయట కూర్చోబెట్టింది.

డాక్టరమ్మ కాగితం చూసి, ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి పెట్టి చూసి, మళ్ళీ కాగితం చూసింది. "వంట దేని మీద చేస్తారమ్మా?" అని అడిగింది.

"పొట్టు పొయ్యి మీదండి. రంపం మిల్లులో పొట్టు తెచ్చుకుంటాం."

"పొగ పోవడానికి దారుందా?"

"తలుపుందండి."

డాక్టరమ్మ నిట్టూర్చి మామ వైపు తిరిగింది. "ఈవిడ ఊపిరితిత్తులు మీ వాటికన్నా బాగా దెబ్బతిన్నాయి పెద్దాయనా. పగలు దూది దుమ్ము, మిగతా సమయం పొయ్యి పొగ. మీరొచ్చిన రోజునే తీసుకురావాల్సింది."

"కాగితాలేమన్నా తారుమారయ్యాయేమో చూడండి," అన్నాడు మామ. "ఆవిడ అసలు దగ్గేదే కాదండీ."

"తారుమారేం కాలేదు."

అత్త కాస్త ముందుకు వంగింది. "అయితే నాదే ఎక్కువా అండి?"

"మీదే ఎక్కువమ్మా."

అత్త మామ వైపు చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన్ని ఒక విషయంలో మించిపోయానని మొదటిసారి ఒకరు కాగితం మీద రాసిచ్చారు. ఆవిడ మొహంలో కనిపించింది సంతోషమని చెప్పలేంగానీ, దానికి దగ్గరగానే ఉంది. మామ నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు.

ఆ గదిలో పెరిగినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని డాక్టరమ్మ అడిగింది. కూతుర్నీ ఊదించారు. ప్రస్తుతానికి బాగానే ఉందన్నారు. వరండాలో కూతురు గోడకి ఆనుకుని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ కంగారుపడి, "నీకూ దగ్గొస్తోందా?" అన్నాడు.

"ఏడుపొస్తోంది నాన్నా," అంది కూతురు. "ఆ ఇంట్లోనే పుట్టి పెరిగా. అమ్మ పక్కనే పడుకునేదాన్ని. నాకూ వినపడలేదు."

మామ వెళ్ళి ముగ్గురికీ టీ తెచ్చాడు.

మిషను అమ్మకానికి పెట్టారు. పక్క ఊరి నుంచి ఒక కుర్రజంట చూడ్డానికొచ్చింది. పెళ్ళై ఎంతో కాలమైనట్టు లేదు. అతను మిషను మూత తీసి ముళ్ళు లెక్కచూసుకుంటుంటే, ఆ పిల్ల అటువైపు వెళ్ళి, దూది వచ్చి పడేచోట చతికిలబడి, చెయ్యి చాపితే అందుతుందో లేదో చూసుకుంటోంది. అత్త సరిగ్గా అక్కడే కూర్చునేది. అత్త ఆ పిల్లని చూసింది, మామని చూసింది.

"ఏ గదిలో పెట్టుకుంటారు బాబూ?" అని మామ అడిగాడు.

"ఇంట్లోనేనండి, ముందు గదిలో."

"కిటికీలు ఎన్ని?"

"ఒకటుందండి. మూసేస్తాంలెండి. దూది ఎగిరిపోదూ?"

మామ అతనికి చాలాసేపు చెప్పాడు. కిటికీలు పెట్టించమన్నాడు, దుమ్ము లాగే ఫ్యాను పెట్టించమన్నాడు, ఇద్దరూ మూతికి మాస్కులు కట్టుకోవాలన్నాడు. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ చెప్పాడు. అతను మర్యాదగా తలూపుతూ, ధర తగ్గిస్తారా అని అడిగాడు. బేరం కుదరలేదు. కుదరనివ్వలేదనాలి. చివరికి మిషను పాత ఇనుము కింద పోయింది. ఇంటికి రావలసిన డబ్బులో చాలా మటుకు రాలేదు. ఆ జంట ఇంకెక్కడో ఇంకో మిషను కొనుక్కునే ఉంటారు. మామకి ఆ సంగతి తెలుసు. అయినా తన చేత్తో ఇవ్వలేదు.

ఆ తర్వాత దూది పట్నం మిల్లులో ఏకించి తెప్పించుకుని, అరుగు మీద, ఆరుబయట కూర్చుని కుట్టేవాళ్ళు. లాభం తగ్గింది, పని కూడా తగ్గింది, రెండూ సరిపోయాయి. కూతురు గ్యాసు పొయ్యి పెట్టించి, వంటింటి గోడలకి సున్నం కొట్టించింది. రెండు పూతలు వేసినా నలుపు లోపల్నుంచి తేలుతూనే ఉంది. మందులు ఎప్పుడూ ఇద్దరికీ ఒకేసారి దొరికేవి కావు. ఆసుపత్రి కౌంటర్లో ఒక్కోసారి పంపులు రాలేదనేవాళ్ళు. అప్పుడు అత్తకి ముందు కొని, మామది వాయిదా వేసేవాడు. అది కనిపెట్టి అత్త తనది వాయిదా వేసేది. కూతురొచ్చి ఇద్దర్నీ తిట్టి, ఇద్దరికీ కొనేది.

అత్త ఇప్పుడు బాహాటంగా దగ్గుతోంది. మొదట్లో సిగ్గుపడింది గానీ తర్వాత అలవాటైపోయింది. టీ కొట్టతను ఒకరోజు ఆ దగ్గు విని మామ అనుకుని టీ పెట్టేశాడు. అత్త వెళ్ళి ఆ టీ తాగింది. వీధిలో అన్నేళ్ళున్నా ఆవిడ ఆ కొట్లో టీ తాగడం అదే మొదటిసారి. పంచదార ఎక్కువైందంది.

మరుసటి చలికాలం ఆవిడకి బాగా తిరగబెట్టింది. జలుబుగా మొదలైంది, రెండు రోజుల్లో కూర్చోలేక, పడుకోలేక అయిపోయింది. ఆసుపత్రిలో చేర్చి ఆక్సిజన్ పెట్టారు. మామ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, సిలిండరు మీటరు ముల్లునే చూస్తూ ఉండేవాడు. ఆయన అంతవరకూ దేవుణ్ణి కూడా అంత శ్రద్ధగా చూడలేదు. నర్సు వచ్చి, "పెద్దాయనా, మీరు చూసినా చూడకపోయినా గాలి వస్తుంది," అని చెప్పింది. అయినా చూశాడు.

ఒక పొద్దున అత్త కళ్ళు తెరిచి, మాస్కు కాస్త పక్కకి జరిపి, వేలితో పరుపుని పొడిచి చూసింది.

"ఇది దూది కాదు," అంది.

"స్పాంజి."

"అదే అనుకున్నా. నడుం పట్టేసింది." ఊపిరి తీసుకుంది. "ఎవడు కుట్టాడోగానీ, మూలలు మడత పెట్టలేదు."

అప్పుడు మామకి ధైర్యం వచ్చింది. బయటికెళ్ళి, వరండాలో ఎవరూ లేని చోట నిలబడి మొహం కడుక్కుని వచ్చాడు. నాలుగోనాటికి ఆవిడ్ని ఇంటికి పంపారు. పోయిన బలంలో కొంతే తిరిగొచ్చింది. ఇలా ప్రతి చలికాలం కొంత కొంత పోతుందని డాక్టరమ్మ కూతురితో విడిగా చెప్పింది. కూతురు మామతో విడిగా చెప్పింది. మామ ఎవరికీ చెప్పలేదు. అత్త ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంది.

ఇప్పుడు ఇద్దరూ నెలకోసారి ఆసుపత్రికి వెళ్తారు. బస్సు దిగాక బజారు వీధిలోంచి నడవాలి. ఆటో మాట్లాడతానంటే అత్త ఒప్పుకోదు. డాక్టరమ్మ నడవమంది కదా అంటుంది. కొంచెం దూరం నడిచి ఎక్కడో ఒకచోట ఆగాలి. ఊరికే రోడ్డు మీద నిలబడితే జనం వచ్చి ఏమైందమ్మా అని అడుగుతారు, ఆ అడిగినవాళ్ళకి చెప్పడానికే ఉన్న ఊపిరి అయిపోతుంది. అందుకని అత్త కొట్ల ముందు ఆగడం కనిపెట్టింది. కొట్టు ముందు నిలబడి సామాను చూస్తున్న మనిషిని ఎవరూ ఏమీ అడగరు. ముందు పాత్రల కొట్టు. తర్వాత చెప్పుల కొట్టు. ఆ తర్వాత ఫ్యాన్ల కొట్టు.

ఫ్యాన్ల కొట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతారు. కొట్టతను అన్ని ఫ్యాన్లూ తిప్పి పెడతాడు. గాలి వీధిలోకి కొడుతుంది. అత్త గోడకి ఆనుకుని, నిలువు ఫ్యాను ఎదురుగా మొహం పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడుతుంది. మామ పక్కన నిలబడి ధర చీటీలు చదువుతున్నట్టు నటిస్తాడు.

మొన్న వెళ్ళినప్పుడు కొట్టతను బయటికొచ్చాడు. చాలా నెలలుగా వీళ్ళని చూస్తున్నాడు.

"ఇంకా ఆలోచిస్తున్నారా అమ్మా?" అన్నాడు. "మంచి మోడలు. మళ్ళీ వచ్చేసరికి ఉంటుందో ఉండదో."

అత్త కళ్ళు తెరవలేదు. జవాబుకి కావలసిన గాలి పోగుచేసుకోవడానికి కొంచెంసేపు పట్టింది.

"నేనొస్తాగా," అంది. "ఉంచు."

కొట్టతను లోపలికెళ్ళి ఒక స్టూలు తెచ్చి వేశాడు. అత్త కూర్చుంది. మామ ఫ్యానుని కొద్దిగా ఆవిడ వైపు తిప్పాడు.